పక్క సీటు

మా బావ బస్సు కండక్టరు. రిటైరయ్యి ఏడాది దాటినా నేను కండక్టరనే అంటాను. ఆయన మానింది ఉద్యోగాన్నే కానీ కండక్టరుతనాన్ని కాదు. డిపోలో అందరూ ఆయన్ని ఫుట్‌బోర్డు అని పిలిచేవాళ్ళు. బస్సులో ఎంత ఖాళీ ఉన్నా వెనక తలుపు దగ్గరే, ఒక కాలు మెట్టు మీద, ఒక చెయ్యి కమ్మీ మీద వేసుకుని నిలబడేవాడు. ఆ తలుపు పక్కనే కండక్టరు కోసమని ఒక ఒంటి సీటు ఉండేది. దాని మీద బావ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ముసలమ్మల మూటలూ, బడిపిల్లల సంచులూ, ఒకసారి ఎవరిదో కుట్టుమిషనూ దర్జాగా ఆ సీటులో ప్రయాణం చేశాయి.

ఆఖరి మనిషి ఎక్కేదాకా ఆయన విజిల్ ఊదేవాడు కాదు. సందు చివర ఎవరైనా చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తుంటే డ్రైవరు ఎంత సణిగినా బండి కదిలేది కాదు. ఆ మనిషి ఎక్కాక, చంకలో చెయ్యివేసి లోపలికి నెట్టాక, ఆ తర్వాత తను మెట్టెక్కి "రైట్" అనేవాడు. అన్నేళ్ళ సర్వీసులో ఒక్క మనిషిని రోడ్డు మీద వదిలేసి రాలేదని ఆయనకు గర్వం. ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ గర్వానికి మూల్యం చెల్లించింది మా అక్క.

అక్కకు నోట్లో నాలుక లేదని చుట్టాలందరి అభిప్రాయం. ఉంది, వాడదు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఆమె మా ఇంటికి రావాలంటే బావ డ్యూటీలో ఉన్న బస్సులోనే రావాలి. మొదటిసారి ఎక్కినప్పుడు ఇద్దరు కూర్చునే సీటు చూసుకుని, కిటికీ వైపు జరిగి, పక్కన చేతిసంచి పెట్టి చోటు ఆపింది. బావ టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. తన జేబులోంచి డబ్బు తీసి తోలుసంచిలో వేసుకున్నాడు, టికెట్ చించి పెళ్ళాం చేతిలో పెట్టాడు. తర్వాత ఆ చేతిసంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టి, నిలబడి ఉన్న ఒక ముసలావిడను ఆ చోటులో కూర్చోబెట్టి ముందుకెళ్ళిపోయాడు. ఆ ముసలావిడ దారి పొడుగునా అక్క భుజం మీద వాలి గురకపెట్టింది. అక్క ఇంటికొచ్చి నాకు ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వింది. తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది కానీ, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నవ్వు పలచబడుతూ వచ్చింది.

వేరే బండి ఎక్కినా అదే వరస. డ్యూటీ లేని రోజున, మామూలు ప్రయాణికుడిలా టికెట్ కొనుక్కుని ఎక్కిన బస్సులో కూడా, రెండు స్టాపులు దాటేసరికి బావ సీటులో ఎవరో గర్భిణీయో, కాలికి కట్టు కట్టుకున్నాయనో ఉండేవాళ్ళు. బావ తలుపు దగ్గర ఉండేవాడు. మంచివాడితో కాపురం చెయ్యడం అంత తేలిక కాదని నాకు అక్కను చూశాకే అర్థమైంది. చెడ్డవాడైతే నలుగురిలో తిట్టుకోవచ్చు. ఈయన్ని ఏమని తిడుతుంది?

రిటైరయ్యాక ఎక్కడికైనా వెళ్దామని అక్కే అంది. వంటింటి గోడకు ఎప్పటిదో పాత క్యాలెండరు ఒకటి ఉంది. నీలం సముద్రం, తెల్లటి ఇసుక, నీళ్ళలోకి వెళ్ళే చెక్కల వంతెన. ఏడాది అయిపోయినా ఆమె దాన్ని పారెయ్యలేదు. అది ఎక్కడి దీవో కనుక్కుని అక్కడికే వెళ్దామన్నారు. పోస్టాఫీసు కౌంటరు వెనక జీవితమంతా కూర్చున్నదాన్ని కాబట్టి కాగితాలు చూసుకోవడానికి పనికొస్తానని నన్నూ కలుపుకున్నారు. సముద్రం మీద మోజుతోనే అక్క ఇంత దూరం బయల్దేరుతోందని నేను అనుకున్నాను.

టికెట్లు బుక్ చేసే ఆఫీసులో నా అంచనా తప్పని తెలిసింది. అక్కడి కుర్రాడు హుషారుగా చెప్పుకుపోతున్నాడు. మన ఊరి విమానాశ్రయం నుంచి చిన్న విమానం, గంటన్నర ప్రయాణం. అక్కడ పెద్ద ఊళ్ళో దిగి పెద్ద విమానం ఎక్కాలి, అది సముద్రాలు దాటుకుని నేరుగా దీవికి చేరుస్తుంది. గది కిటికీ తెరిస్తే సముద్రం, పొద్దున్నే పడవ షికారు. అక్క అంతా విని ఒకే ఒక మాట అడిగింది. సీట్లు పక్కపక్కనే వస్తాయా అని. కుర్రాడు గది సంగతి అనుకుని మళ్ళీ కిటికీ గురించి మొదలుపెట్టాడు. అక్క మళ్ళీ అడిగింది, "విమానంలో బాబూ. ఆయనకీ నాకూ పక్కపక్క సీట్లు వస్తాయా?" బావ అప్పుడు గోడ మీది ప్రపంచపటంలో బస్సు వెళ్ళే దారులు వెతుక్కుంటున్నాడు. ఈ మాట ఆయన చెవిన పడలేదు. నేనే ఆ రెండు సీట్లూ పక్కపక్కనే రాయించాను.

మా ఊరి విమానాశ్రయం పేరుకే విమానాశ్రయం. రెండు కౌంటర్లు, ఒక టీ కొట్టు, వీడ్కోలు చెప్పేవాళ్ళ కోసం మేడ మీద ఒక వరండా. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి బావ పాత ప్రయాణికుడే. ఆ ఒక్క పలకరింపుతో బావకు అది బస్టాండైపోయింది. లైను సరిచేశాడు, ఎవరిదో ట్రాలీ చక్రం ఇరుక్కుంటే కాలితో తన్ని తిప్పాడు, సంచులు పైకెత్తి పెట్టాడు. విమానం దగ్గరికి నడిచే వెళ్ళాలి. ఆకాశంలోకి లేచే బండి ఎక్కబోతున్నామని నేను దేవుళ్ళకు మొక్కుకుంటుంటే, ఈయన మెట్ల కింద నిలబడి ఒక్కొక్కరి మోచెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నాడు. లోపలున్న అమ్మాయి పైనుంచి, మీరు కూడా ప్రయాణికులేనా సార్ అని అడగాల్సొచ్చింది. ఆయన వెనక్కి తిరిగి, ఇంకెవరూ పరిగెత్తుకు రావడంలేదని ఒకసారి చూసుకుని, అప్పుడు ఎక్కాడు.

లోపల వాళ్ళిద్దరి సీట్లూ పక్కపక్కనే. అక్క కిటికీ దగ్గర కూర్చుని పక్క సీటులో చేతిసంచి పెట్టుకుంది. బావ వచ్చి సంచి తీసి కూర్చున్నాడు. నడుముకు బెల్టు కూడా పెట్టుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో చివరి వరసలోంచి చంటిపిల్ల ఏడుపు. తల్లి చిన్నపిల్ల, ఒక్కతే ఉంది, ఒంటిచేత్తో పాలసీసా మూత తిప్పలేక తిప్పలు పడుతోంది. బెల్టు ఊడిన చప్పుడు వినే నాకు తెలిసిపోయింది. బావ లేచి వెళ్ళి, మా ఆవిడ పట్టుకుంటుంది రా తల్లీ అని ఆ అమ్మాయిని తీసుకొచ్చి తన సీటులో కూర్చోబెట్టి, తను చివరికి, తలుపు పక్కకు వెళ్ళిపోయాడు.

అక్క పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పాలు పట్టింది, నిద్రపుచ్చింది. ఆ తల్లి దండాలు పెడుతుంటే నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఏదైనా తనకు దక్కకుండా పోయినప్పుడు నవ్వే నవ్వు అది.

దిగాక, పెద్ద ఊరి విమానాశ్రయంలో నడుస్తుండగా, అక్క అన్నాళ్ళూ వాడని నాలుకను వాడింది.

"ఇప్పటిదాకా అయిందేదో అయింది. ఈ రెండో విమానంలో మీరు నా పక్కన కూర్చోవాలి. దిగేదాకా."

బావ ఆశ్చర్యపోయాడు. "కూర్చోక ఎక్కడికి పోతాను? సీటు రాసే ఉందిగా" అన్నాడు. ఆయన ఎగతాళి చెయ్యడంలేదు. ఇన్నేళ్ళూ ఆమె పక్కన కూర్చోలేదన్న సంగతే ఆయన బుర్రకు ఎక్కలేదు.

బావ వెనకే ఒక పెద్దాయన నడుస్తున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి. చిన్న విమానం చివరి వరసలో బావకు పక్క సీటు. ఆయనా ఆ దీవికే వెళ్తున్నాడు, అక్కడున్న చెల్లెలిని చూడటానికి. విమానం పైకి లేస్తుంటే చెవిలో నొప్పి పుట్టిందని వినికిడి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బావ ఆయనకు మన గేటు చూపించి, ఇక్కడే ఎక్కాలని చేతులతో చెప్పి కూర్చోబెట్టాడు. టీ తాగొస్తానని సైగ చేసి పెద్దాయన వెళ్ళాడు.

పెద్ద విమానం ఎక్కడం మొదలైంది. జనం బారులు తీరారు. మా ముగ్గురికీ లైనులో మంచి చోటే దొరికింది కానీ, బావ ఒక్కో అడుగూ పక్కకు జరుగుతూ, జరుగుతూ, చివరికి గేటు పక్కన స్తంభం దగ్గర తేలాడు. వెళ్ళేవాళ్ళను చూస్తున్నాడు. పిల్లల్ని ముందుకు పంపుతున్నాడు. నేను వెళ్ళి చొక్కా పట్టుకుని లాగాను.

"మన పెద్దాయన ఇంకా ఎక్కలేదు" అన్నాడు.

అది చూసుకోవడానికి ఇక్కడ జీతాలు తీసుకునేవాళ్ళు ఉన్నారని చెప్పాను. మైకులో పేరు పెట్టి పిలుస్తారని చెప్పాను.

"ఆయన చెవి జేబులో ఉంది. మైకులో పిలిస్తే ఎవరికి వినపడుతుంది? మీరు ఎక్కుతూ ఉండండి, నేను తీసుకొస్తాను" అని బయల్దేరాడు. పరిగెత్తలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తీరిగ్గా, అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళాడు.

ఆ నడక చూసి నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆయనకు తొందర లేకపోవడానికి కారణం వేరే ఉందని. మనందరికీ బండి తప్పిపోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయంతోనే మనం అన్నం సగంలో వదిలేసి బయల్దేరతాం. బావకు జన్మలో ఏ బండీ తప్పిపోలేదు. ఎలా తప్పిపోతుంది? ఆయన మెట్టెక్కి "రైట్" అంటేనే కదా అది కదిలేది. తను కింద ఉండగా బండి వెళ్ళిపోవడం అనేది ఆయన ఎరగడు.

లైను కరిగిపోయింది. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. గేటు దగ్గరి అమ్మాయి మమ్మల్ని పిలిచింది. సంగతి చెప్పాను. ఆమె మంచిదే, మైకులో రెండుసార్లు పిలిచింది, ఎవరికో ఫోను చేసింది. తర్వాత గడియారం చూసుకుని, తలుపు వేసే సమయం అయిందనీ, మేమిద్దరం ఎక్కెయ్యమనీ, సార్‌ను తర్వాతి విమానంలో పంపిస్తామనీ అంది.

అక్క అడిగింది, "తర్వాతి విమానంలో ఆయన పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?"

ఆ అమ్మాయికి ఈ ప్రశ్న అర్థం కాలేదు. అక్క వెళ్ళి ఒక కుర్చీలో కూర్చుంది. నేను పక్కన చేరి బతిమాలాను. విమానం తప్పితే మూడు టికెట్లూ గంగపాలు, దీవీ లేదు, వంతెనా లేదు, మూటాముల్లె సర్దుకుని వెనక్కి పోవడమే అన్నాను. అక్క గొంతు పెంచలేదు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ముందెక్కాను, ఆయన ఆఖర్న ఎక్కారు. ఎక్కి లోపల కూర్చుని, తలుపు వైపు మెడ తిప్పి చూడటమే నా బతుకైపోయింది. ఇవాళ నేను ముందెక్కనే. పోతే పోనీ. ఆ సముద్రం ఎవరికి కావాలి?"

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాకే తిరిగాయి. ఇంతకాలం ఆమె బావ మంచితనాన్ని భరించిందే తప్ప, ఆయన కావాలని నోరు తెరిచి అడగలేదు. అడిగిన మొదటి రోజే ఇలా అయింది.

నేను నడవా చివరిదాకా పరిగెత్తాను. నా వయసులో అది పరిగెత్తడం కాదు, దొర్లడం. మలుపు తిరిగేసరికి ఎదురుగా వస్తున్నారు ఇద్దరూ. బావ ఆ పెద్దాయన మోచెయ్యి పట్టుకుని, అద్దాల్లోంచి విమానాలు చూపిస్తూ నడిపించుకొస్తున్నాడు. పెద్దాయన టీ కొట్టులో కూర్చుని ఉన్నాడట. ఆయన చేతి గడియారం అరగంట వెనక నడుస్తోంది. గోడ గడియారం కళ్ళెదురుగా ఉన్నా దానికి రిపేరు చెయ్యాలనుకున్నాడు తప్ప, తన గడియారం మీద ఆయనకు అనుమానం రాలేదట. బావకు అది ముచ్చటగా ఉంది. నాకు చెప్పి నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి లోపలివాళ్ళతో ఫోనులో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి ఊపిరి పీల్చుకుంది. తలుపు వెయ్యబోతుంటే ఆపించిందట. ఇంకొక్క నిమిషం దాటితే విమానం మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయేది సార్ అని మామూలుగానే చెప్పింది.

"నన్నా?" అన్నాడు బావ.

ఆ ఒక్క మాటలో ఆయన వయసంతా బయటపడింది. ఆమె వైపు చూశాడు, అద్దంలోంచి అవతల నిలబడ్డ అంత పెద్ద విమానం వైపు చూశాడు. తను లేకుండా కూడా బళ్ళు కదులుతాయని రిటైరైన రోజు ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ మర్నాడు కూడా ఆయన బస్సు ఆ టైముకే వెళ్ళి ఉంటుంది. పాపం, ఆయన ఆ వైపు ఆలోచించలేదు.

తర్వాత అక్కను చూశాడు. అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. పక్క కుర్చీలో చేతిసంచి పెట్టుకుంది.

బావ ఆ సంచి కేసి చాలాసేపు చూసినట్టు నాకనిపించింది. నిజానికి చాలాసేపు చూడటానికి టైము లేదు. వెళ్ళి సంచి తీసుకున్నాడు. ఈసారి దాన్ని ఆమె ఒళ్ళో పెట్టలేదు. తన భుజానికి తగిలించుకుని, ఇంకో చేత్తో ఆమెను లేపాడు. నలుగురం కలిసి లోపలికి నడిచాం.

విమానంలో అందరూ మమ్మల్ని కొరకొరా చూశారు. అక్క కిటికీ వైపు సర్దుకుంది. ఆమె పక్కన బావది. నాది దారికి ఇవతల. పెద్దాయన సీటు బాగా వెనక, దాని పక్కది ఖాళీ. అక్కడిదాకా వెళ్ళిన పెద్దాయన మళ్ళీ వెనక్కి వచ్చి బావ చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. మిషను ఇప్పుడు చెవిలో ఉంది కానీ గొంతు మాత్రం పెద్దగానే ఉంది. నా పక్కన చోటుంది నాయనా, నువ్వొచ్చి కూర్చో, నాకు ఒక్కడికీ భయంగా ఉంది అన్నాడు. చుట్టూ పది వరసల వాళ్ళకు వినపడింది.

బావ అక్కను చూశాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట చూడటానికి ఏమీ లేదు, నేలే ఉంది. బావ సీటు అంచుకు జరిగాడు. చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి నాకు తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను.

"పెద్దాయనా" అన్నాడు బావ. "ఈ బండిలో నాకూ ఒక సీటుంది. నేను రాను. మా మరదలు వస్తుంది మీకు తోడు."

అలా దారికి ఇవతల హాయిగా కూర్చున్నదాన్ని లేపి చివరికి తోలేశాడు. ఇంకెప్పుడైనా అయితే నేను ఆయన్ని కడిగిపారేసేదాన్నే. ఆ రోజు కిక్కురుమనకుండా వెళ్ళాను. వెళ్తూ అక్క ముఖం చూశాను. ఇంకా కిటికీ వైపే ఉంది కానీ, గాజులో ఆమె ముఖం నాకు కనిపించింది. చెప్పను, అది ఆమె సొంత విషయం.

పెద్దాయన నా చేత తన గడియారం టైము మార్పించుకుని, అది తన గడియారానికి అవమానమని సణిగి, నిద్రపోయాడు. చాలాసేపటికి, కింద నీళ్ళు తప్ప ఏమీ కనపడనప్పుడు, నేను లేచి కాళ్ళు సాగదీసుకుంటూ ముందుకెళ్ళాను. బావ సీటులోనే ఉన్నాడు. ఉన్నాడు కానీ, కూర్చోలేదు. అంటే కూర్చున్నాడు, వీపు మాత్రం ఎక్కడా తగల్లేదు. కాళ్ళు రెండూ ఎడంగా నేలకు అదిమిపెట్టి, ఒక చెయ్యి ముందు సీటు మీద వేసి, ఎవరు లేచినా అటు తల తిప్పి చూస్తున్నాడు. అక్క కాసేపు చూసి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, ఇది మధ్యలో ఆగే బండి కాదు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. వెనక్కి ఆనుకోండి."

బావ ఒకసారి వెనక తలుపు వైపు చూశాడు. అది మూసే ఉంది. ముందు సీటు మీంచి చెయ్యి తీశాడు. మెల్లగా వెనక్కి ఆనుకున్నాడు.